తెర కింద అక్షరాలు

జూన్ 4

బావగారికి నమస్కారాలు.

ఫోన్ చేస్తే మీరు "ఆఁ? ఏంటీ?" అనడం, నేను గొంతు చించుకోవడం, షాపుకొచ్చినవాళ్ళు మనిద్దరం పోట్లాడుకుంటున్నామని అనుకోవడం. ఇదంతా ఎందుకని ఉత్తరమే రాస్తున్నాను. మగ్గాల మోతలో ఉద్యోగమంతా గడిపిన మీ చెవులకి ఇప్పుడు కొత్తగా పరీక్షలు పెట్టడం పాపం.

విషయం ఏంటంటే, ఇంట్లో సర్వర్ పెట్టాను. పేరు పెద్దది గాని వస్తువు చిన్నదే. షాపులో బిల్లులకి వాడి మూల పడేసిన పాత కంప్యూటరు, దానికి రెండు పెద్ద హార్డ్‌డిస్కులు. మా గోడ నిండా సినిమా డిస్కులు ఉండేవి కదా, సంబంధం మాట్లాడుకోవడానికి వచ్చిన రోజు మీరు వాటి ముందే నిలబడిపోయి, అసలు పని మర్చిపోయారు. వాటన్నిటినీ ఒక్కొక్కటే దాంట్లోకి ఎక్కించాను. కొన్నిటికి బూజు పట్టింది. అద్దాలు తుడిచే గుడ్డతో తుడిచి, బతిమాలి, చదివించాను. ఇక లేచి డిస్కు పెట్టే పని లేదు. కూర్చున్న చోటునుంచి ఏ సినిమా కావాలంటే అది.

మీ అబ్బాయే వచ్చి రెండు రోజులు కూర్చుని అంతా అమర్చి ఇచ్చాడు. మా అమ్మాయి రాలేదు, ఆఫీసులో పని తెమల్లేదట. అల్లుడు కూడా పెద్దగా మాట్లాడలేదు. వైర్లు బిగించినంతసేపూ తల ఎత్తలేదు. బాగా అలసిపోయినట్టున్నాడు. ఈ రోజుల్లో అలసిపోనివాళ్ళు ఎవరున్నారు గనక.

వేరే పార్సిల్లో చిన్న డబ్బా ఒకటి పంపుతున్నాను. అల్లుడే మీ పేరుతో సిద్ధం చేసి పెట్టాడు. టీవీ వెనక గుచ్చితే చాలు, మా ఇంట్లో సినిమాలు మీ ఇంట్లో ఆడతాయి. చెల్లెమ్మ ఆసుపత్రి డ్యూటీకి వెళ్ళాక మీకు పొద్దు పోవడం లేదన్నారుగా. బొమ్మ విషయంలో మాత్రం నేను రాజీ పడను. జనానికి చూపు సరిచేసి బతికేవాణ్ణి, నా దగ్గర్నుంచి మసక బొమ్మ బయటికి వెళితే షాపు మూసుకోవాల్సిందే.

మీరు పెట్టిన పేరుతోనే,
మీ అద్దాల బావ

---

జూన్ 19

అద్దాల బావగారికి,

డబ్బా చేరింది. తగిలించడానికి పడ్డ తిప్పలు చెప్పుకుంటే సిగ్గుచేటు. టీవీ వెనక చిల్లులన్నీ ఒకేలా ఉన్నాయి. నేను నేలమీద కూర్చుని ఒక్కో చిల్లులో గుచ్చి చూస్తుంటే మీ చెల్లెలు డ్యూటీ బట్టల్లోనే వంగి, టక్కున పెట్టేసి, "మీకు మిల్లు ఎలా అప్పజెప్పారో ఆ మహానుభావులు" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

బొమ్మ వచ్చింది. ఏం బొమ్మండీ! హీరో చొక్కా నేత కనిపిస్తోంది. అది మిల్లు బట్ట కాదు, చేతి మగ్గం మీద నేసింది. కథ వదిలేసి బట్టలు చూస్తూ కూర్చున్నాను. కానీ కాసేపటికి బొమ్మ ఆగిపోయింది, మధ్యలో చక్రం తిరగడం మొదలుపెట్టింది. అది తిరుగుతుంది, తిరుగుతుంది, మళ్ళీ నాలుగడుగులు నడుస్తుంది, మళ్ళీ నిలబడుతుంది. ముసలి ఎద్దుతో ప్రయాణం చేసినట్టుంది.

ఇంకో సంగతి. చెవిలో మిషను పెట్టుకుంటే నాకు పాటల మోత తప్ప మాట తెలీదు. పెదాలు కదులుతుంటాయి, కథ నేనే అల్లుకుంటుంటాను. నిన్న హీరోయిన్ ఎందుకు ఏడుస్తోందని మీ చెల్లెల్ని అడిగితే "ఆవిడ మొగుడికీ చెవుడేమో" అంది. తనని ఏమనను, రోజంతా రోగుల మూలుగులు విని వచ్చిన మనిషి, ఇంటికొచ్చి నాకు సినిమా అరిచి చెప్పమంటే ఎలా? మాటలు కింద అక్షరాలుగా వచ్చే ఏర్పాటు ఏదైనా ఉందా? అందుకోసం బొమ్మ కాస్త మసకబారినా నాకు ఫర్వాలేదు. ఈ ముక్కకి మీకు కోపం వస్తుందని తెలుసు.

పిల్లలు మీకు ఫోన్ చేస్తున్నారా? మావాడు వాళ్ళమ్మతోనే మాట్లాడతాడు. నాకు చెప్పేదల్లా "బాగున్నాడట" అన్న ఒక్క ముక్క.

మీ,
మిల్లు బావ

---

జూలై 2

బావగారూ,

మీ ఉత్తరం మా ఆవిడకి చదివి వినిపించాను. "ఆవిడ మొగుడికీ చెవుడేమో" దగ్గర తనకి తాగుతున్న మంచినీళ్ళు పొలమారాయి.

ముందు చక్రం సంగతి. ఇంటర్నెట్టు మా ఇంట్లోకి వచ్చే పైపు లావు, బయటికి పోయే పైపు సన్నం. మనిషన్నవాడు తీసుకునేవాడే గాని ఇచ్చేవాడు కాదని ఆ కంపెనీవాళ్ళ అంచనా కాబోలు. నా సినిమాలేమో ఏనుగులు. సందులోంచి ఏనుగుని తోలితే ఇరుక్కోదా మరి? అందుకని మీ కోసం ప్రతి సినిమాకీ ఇంకో చిన్న ప్రతి తయారుచేస్తున్నాను. రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే మా ఆవిడకి తేడా తెలియలేదు. నాకు తెలిసింది. మీకూ తెలిస్తే దయచేసి నాకు చెప్పకండి. ఇంకోటి, గాల్లో వచ్చే సిగ్నల్ని నమ్మొద్దు. మీ రౌటర్ దగ్గర్నుంచి టీవీ దాకా వైరు లాగించండి.

ఇక అక్షరాలు. డిస్కుల్లో వచ్చే అక్షరాలు నిజానికి అక్షరాలు కావు, అక్షరాల బొమ్మలు. వాటిని సినిమా మీద అతికించి మీకు పంపాలంటే కంప్యూటరు సినిమా మొత్తాన్ని అప్పటికప్పుడు మళ్ళీ వండాలి. అది పాత ప్రాణం, మండుటెండలో కుక్కలా రొప్పుతోంది. అదే మాటల్ని విడిగా ఫైల్లో రాసి సినిమా పక్కన పెడితే దానికీ హాయి, మీకూ హాయి. చాలా సినిమాలకి అలాంటివి దొరికాయి. కొన్నిటికి మాట ముందూ అక్షరం వెనకా నడుస్తున్నాయి. మనిషి చచ్చిపోయాక తాపీగా "నన్ను కాపాడండి" అని పడుతోంది. ఒక్కొక్కటీ సర్దుతున్నాను.

షాపులో బేరాలు పల్చగానే ఉన్నాయి. సాయంత్రానికి నా కళ్ళే నాకు మండుతున్నాయి. ఉన్నమాట చెప్పాలంటే, ఈ మధ్య పడుకునేముందు కాస్త ఇష్టంగా చేస్తున్న పని ఇదొక్కటే.

పిల్లలు మాకూ అంతే. "బాగున్నాం, తర్వాత చేస్తాం" అంటారు. బాగుంటే చాలు.

మీ,
అద్దాల బావ

---

జూలై 20

బావగారికి,

ధన్యుణ్ణి. మొన్న ఒక సినిమా మొదట్నుంచి చివరిదాకా చదివాను. చూశాను అనడం లేదు, చదివాను. ఎన్నాళ్ళకో నలుగురు మనుషులు నాతో పూర్తిగా మాట్లాడినట్టు అనిపించింది. అయిపోయాక టీవీ ఆపి కూర్చుంటే, గదిలో మళ్ళీ ఎవరూ లేరు.

ఆశకి అంతు లేదంటారుగా, ఇంకోటి అడుగుతున్నాను. ఇద్దరు వియ్యంకుల కథ ఒకటి మీ జాబితాలో కనిపించింది, నలుపు తెలుపుది. మిల్లులో చేరిన కొత్తలో గేటు ఎదుటి టాకీసులో చూశాను. అప్పటికి చెవులున్నాయి. దానికి అక్షరాలు రావడం లేదు. తొందరేమీ లేదు.

పై వరకు శనివారం రాసి ఆపాను. ఇవాళ మంగళవారం.

మీ చెల్లెలు నర్సుల సమావేశమని పిల్లలున్న ఊరు వెళ్ళింది. చెప్పకుండా వెళ్ళి సంతోషపెడదామని వాళ్ళింటి తలుపు కొట్టిందట. మావాడొక్కడే ఉన్నాడు. గదిలో ఒకవైపు బీరువా ఖాళీ. అడిగితే, వేసవి మొదట్నుంచీ ఇద్దరూ వేరువేరుగా ఉంటున్నారని చెప్పాడట. అమ్మాయి ఎక్కడో గది తీసుకుందట. విడిపోవడానికే నిర్ణయించుకున్నారట. అంతా "ట" లే బావగారూ. నా కొడుకు సంసారం నాకు "ట" లలో తెలిసింది.

మావాడు మీ ఇంటికి ఒంటరిగా వచ్చాడని, తల ఎత్తలేదని మీరే జూన్‌లో రాశారు. రెండు రోజులు మీ ఇంట్లో ఉన్నాడు. మీకు తెలియదా? తెలిసే నాకు డబ్బా పంపి, సినిమాలు చూసుకోమన్నారా? మీ చెల్లెలు అదే అంటోంది. నేను అనడం లేదు. అడుగుతున్నాను.

మిల్లు బావ

---

జూలై 29

బావగారూ,

నాకు తెలియదు. తెలిస్తే మీకు ఉత్తరం కాదు, నేనే వచ్చి ఉండేవాణ్ణి.

మీ ఉత్తరం అందిన రోజునే అమ్మాయి రెండు పెట్టెలతో వచ్చింది. ఇల్లు అద్దెకిచ్చినావిడ ఖాళీ చేయమందట. వాళ్ళమ్మ పెట్టెలు చూసి గుమ్మంలోనే కూలబడింది. ఏం జరిగిందమ్మా అని అడిగాను. "ఏమీ జరగలేదు నాన్నా. అదే జరిగింది" అంది. అంతకుమించి నా దగ్గరా సమాచారం లేదు.

మీవాడు మంచివాడనే ఇప్పటికీ అనుకుంటున్నాను. మా అమ్మాయీ మంచిదే. రెండు మంచి కళ్ళు ఒకే అద్దంలోంచి చూడలేకపోతే ఎవర్ని తప్పుపట్టాలో నా చదువు నాకు చెప్పలేదు.

చెల్లెమ్మని మా ఆవిడతో ఒకసారి మాట్లాడమనండి. మొన్న ఫోన్ చేస్తే పెట్టేసిందట.

రాయడానికి ఓపిక లేదు. క్షమించండి.

అద్దాల బావ

---

ఆగస్టు 18

అయ్యా,

ఇక మిమ్మల్ని ఏమని పిలవాలో తెలియక అలా మొదలుపెట్టాను.

పది రోజులుగా టీవీలో మీ సినిమాలు రావడం లేదు. "సర్వర్ అందుబాటులో లేదు" అని ఒక ముక్క వస్తోంది. మొదట మా ఇంటర్నెట్టు పోయిందనుకున్నాను. ఎదురింటాయన్ని పిలిచి చూపిస్తే, మావైపు అంతా బాగానే ఉంది, అవతలివాళ్ళే ఆపేశారన్నాడు. బయటివాడి ముందు ఆ మాట వినాల్సి వచ్చింది. వినడం కూడా కాదు, రెండుసార్లు అరిచి చెప్పించుకున్నాను.

మీరు చేసింది తప్పని అనను. పిల్లలే తెంచుకున్నాక ఈ వైరెందుకు? నాలుగు ముక్కలు రాసి ఆపి ఉంటే బాగుండేది. మీ చెల్లెలు... మా ఆవిడ డబ్బా ఊడబీకి అట్టపెట్టెలో సర్దింది. "వాళ్ళ సినిమాలు మనకెందుకు, వాళ్ళ మొహాన కొట్టండి" అంది. నేనింకా పోస్టు చేయలేదు. చిరునామా రాయడానికి చెయ్యి రావడం లేదు.

మావాడు బరువు తగ్గాడట.

ఇట్లు,
ఒకప్పటి మిల్లు సూపర్‌వైజరు

---

ఆగస్టు 27

బావగారూ,

నేనలాగే పిలుస్తాను. ఆ పిలుపు కోర్టు ఇచ్చింది కాదు.

నేను దేన్నీ ఆపలేదు. సర్వర్ ఉన్న గది పెళ్ళికి ముందు అమ్మాయిది. తను వెళ్ళాక నా డిస్కులు ఆక్రమించుకున్నాయి. ఇప్పుడు మళ్ళీ తనే పడుకుంటోంది. హార్డ్‌డిస్కులు లోపల గరగరమని నములుతుంటాయి, ఫ్యాను రొదపెడుతుంది. అసలే నిద్రపట్టని పిల్ల. ఒకరోజు ప్లగ్గు పీకేసింది. అది మీ ఇంటికి వెళ్ళే దారి అని తనకి తెలియదు. నేనూ ఈ రోజుల్లో సినిమా ముఖం చూడలేదు, ఆగిందని గమనించనే లేదు. మీ ఉత్తరం చదివి గదిలోకి పరిగెత్తితే, కంప్యూటరు మీద తన తడి తువ్వాలు ఆరేసి ఉంది.

కంప్యూటర్ని మోసుకుని షాపుకి తెచ్చేశాను. వెనకగదిలో, అద్దాలు అరగదీసే మిషను పక్కన పెట్టాను. ఇక్కడ లైను పెద్దది, బయటికెళ్ళే పైపు కూడా కాస్త లావు. కాకపోతే చోటు మారేసరికి మీ డబ్బాకి దారి మళ్ళీ చూపించాలి. అట్టపెట్టెలోంచి తీసి తగిలించండి. తెర మీద అంకెలు పడతాయి, అవి నాకు రాయండి. నేను ఇక్కడ కొడితే తెరుచుకుంటుంది. మీ పేరు సర్వర్లో అలాగే ఉంది. మీ అబ్బాయి పేరూ ఉంది. తీయాలని నాకు తోచలేదు.

లాయరు కాగితాలు మాకూ వచ్చాయి. ఇద్దరూ ఇష్టపడే విడిపోతున్నామని రాసి ఉంది. ఇష్టపడి చేసే పని అయితే ఇద్దరి మొహాలూ ఇలా ఎందుకున్నాయో.

అమ్మాయి ఉద్యోగం మానేసి వచ్చింది, ఊరికే కూర్చోలేక షాపు కౌంటర్ దగ్గర నిలబడుతోంది. మీరడిగిన వియ్యంకుల సినిమాకి అక్షరాలు ఎక్కడా దొరకలేదు. నేనే విని టైపు చేస్తున్నాను. రెండు వేళ్ళతో కొడతాను, కాబట్టి ఆలస్యం అవుతుంది.

మీ,
అద్దాల బావ

---

సెప్టెంబరు 21

బావగారికి,

తువ్వాలు సంగతి చదివి చాలా చిన్నబోయాను. అంకెలు రాసి పంపిన నాలుగో రోజుకి సినిమాలు వచ్చేశాయి. మా ఆవిడ చూసింది. ఆ గదిలోకి రావడం మానేసింది.

ఇక్కడితో ఉత్తరం ముగిస్తే బాగుండేది. కానీ నిన్న మీరు టైపు చేసిన ఆ సినిమా చూశాను. సగం దాటాక ఇద్దరు వియ్యంకులు గుమ్మంలో గొడవపడే సీను వచ్చింది. పిల్ల తండ్రి వేలు చూపిస్తూ ఏదో అంటున్నాడు. కింద అక్షరాలు పడ్డాయి: "మీవాడికి మా పిల్లనిచ్చి పొరపాటు చేశాం. ఇక మీ దారి మీది, మా దారి మాది."

నేను కుర్రతనంలో చూసిన సినిమాలో ఈ మాట ఉన్నట్టు గుర్తులేదు. ఆ సీనులో టాకీసంతా గోలపెట్టింది. ఇంత మర్యాదగా మాట్లాడితే గోలెందుకు పెడతారు? ఇది ఆ పాత్ర మాటలా లేదు. చదువుకున్నవాడు కోపం దిగమింగి ఉత్తరం రాసినట్టుంది.

నాకు వినపడదని మీకు తెలుసు. వినపడనివాడి కళ్ళముందు ఏం రాసినా చెల్లుతుంది. నన్ను అనాలనుకుంటే ఉత్తరంలో అనండి. సినిమా చాటునుంచి వద్దు. ఆ ఒక్క లైనూ రాత్రంతా నా తల మీద పడి ఉంది. పొరపాటు అంటే మావాడా? మేము పెంచడంలోనా? ఏది?

మిల్లు బావ

---

సెప్టెంబరు 28

బావగారూ,

నేను మిమ్మల్ని ఏమీ అనలేదు. అనను కూడా. ఆ సీనులో పిల్ల తండ్రి కోప్పడతాడు, అది సినిమాలో ఉన్నదే. నేను కల్పించి చేర్చింది ఏదీ లేదు.

ఒక్కటే కోరుకుంటున్నాను. ఆ ముక్క ఇంకెవరి చేతా వినిపించుకోకండి. నా మాట మీద ఏ మూలన్నా నమ్మకం మిగిలి ఉంటే ఇక్కడితో వదిలేయండి. ఎందుకని అడగొద్దు.

వచ్చే నెల కోర్టులో వాయిదా ఉంది. మా ఆవిడకి రక్తపోటు పెరిగింది. షాపు సాయంత్రం త్వరగా మూసేస్తున్నాను.

మీ,
అద్దాల బావ

---

జనవరి 30

అద్దాల బావగారికి,

నాలుగు నెలలు రాయలేదు. ఎవరి చేతా వినిపించుకోవద్దు, ఎందుకని అడగొద్దు అని మీరు రాశాక, నన్నేదో అన్నారనే ఖాయం చేసుకున్నాను. డబ్బా మాత్రం పీకలేదు. చూస్తూనే ఉన్నాను. మీ సినిమాలు చూస్తూ మీ మీద కోపంగా ఉండటం ఎంత అలసటో మీకు తెలియదు.

పోయిన సోమవారంతో కోర్టు పని అయిపోయింది. మావాడు ఫోన్ చేసి వాళ్ళమ్మకి చెప్పాడు. తను ఫోన్ పెట్టేసి, నాకు అరిచి చెప్పలేక, కాగితం మీద "అయిపోయింది" అని రాసి చూపించింది. ఇన్నేళ్ళ కాపురంలో తను నాకు రాసిన మొదటి ముక్క అది.

మర్నాడు తనకి జలుబు చేసి డ్యూటీకి వెళ్ళలేదు. మధ్యాహ్నం నేనే అడిగాను.

"ఒక్క సీను విని చెప్తావా?"

"వాళ్ళ సినిమానా? నేను వినను."

"అద్దాలాయన నన్ను తిట్టాడో లేదో తేలాలి. తిట్టాడని నువ్వు చెప్తే ఇవాళే డబ్బా పంపించేస్తా."

ఆ మాటకి వచ్చి కూర్చుంది. సీను పెట్టాను. అక్షరాలు పడ్డాయి. తను భృకుటి ముడిచి, "వెనక్కి తిప్పండి" అంది. తిప్పాను. మళ్ళీ తిప్పమంది. మూడోసారి తనే ఆపేసి నావైపు తిరిగింది. నాకు పెదాలు తెలిసేలా మెల్లగా చెప్పింది.

"ఆయన అంటున్నది ఇది కాదు. 'పెంపకం తెలియని కొంపలో పిల్లనిచ్చి దాని గొంతు కోశాను. ఇలాంటివాణ్ణి కని మళ్ళీ మనుషుల్లో ఎలా తిరుగుతున్నావయ్యా?' అంటున్నాడు."

టాకీసులో ఆ రోజు గోల ఎందుకు పెట్టారో ఇప్పుడు అర్థమైంది.

"తర్వాతది కూడా చూడు" అన్నాను. పిల్లవాడి తండ్రి బదులు చెప్తాడు కదా, దానికి మీరు రాసింది నాకు బాగా గుర్తు: "కాపురం చేసే పిల్లయితే నాలుగు గోడలూ చాలు. మీ పిల్లకి వీధి కావాలి." చదివినప్పుడు మీ అమ్మాయి గుర్తొచ్చి నాకే బాధేసింది. మా ఆవిడ విని తలూపింది.

"ఇది ఉన్నది ఉన్నట్టే ఉంది."

రిమోట్ నా చేతిలో పెట్టింది. తర్వాత అంది: "మిమ్మల్ని అన్నది మింగేశాడు. వాళ్ళ పిల్లని అన్నది మాత్రం అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు." లేచి వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు కుళాయి తిప్పే ఉంచింది. నాకు వినపడదు గాని, గుమ్మంలోంచి నీళ్ళు పడటం కనిపిస్తూనే ఉంది.

బావగారూ, నాలుగు నెలలు మీ మీద పెట్టుకున్న కోపం ఏ అరలో పెట్టాలో తెలియడం లేదు. నన్ను క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది. మావాడు తప్పు చేశాడో లేదో నాకు ఎప్పటికీ తెలియదు. మేము పెంచడం ఎలా పెంచామో అదీ తెలియదు. మీరు మాత్రం ఆ ప్రశ్న నా ముందు పెట్టకుండా చెయ్యి అడ్డం పెట్టారు.

మా ఆవిడ ఒక ముక్క రాయమంది. పిల్ల తింటోందా, నిద్రపోతోందా అని అడగమంది.

మీ,
మిల్లు బావ

---

ఫిబ్రవరి 8

బావగారూ,

మీ మెప్పు నాకు చెందదు. చేరాల్సినచోటికి చేర్చడానికే వెంటనే రాస్తున్నాను.

ఆ మాట మింగింది నేను కాదు. నేను మొత్తం కొట్టాను. లాయరు కాగితాలు వచ్చిన వారమే ఆ సీను నా చేతికొచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాయడం ధర్మమని నాకు నేను చెప్పుకున్నాను గాని, నిజానికి ఆ లైను కాస్త ఇష్టంగానే కొట్టాను. రెండు వేళ్ళతో ముక్కుతూ మూలుగుతూ టైపు చేసేవాణ్ణి, ఆ ఒక్క లైనుకి ఆయాసం రాలేదు. ప్రతి మాటా సరిగ్గా పడాలని వెనక్కి తిప్పి తిప్పి విన్నాను. షాపు ముందుగదిలో అమ్మాయి ఒకావిడ చేత చార్టు చదివిస్తోంది. ఆవిడ పై వరస చదువుతుంటే, వెనకగది గుమ్మానికున్న తెర చాటునుంచి "పెంపకం తెలియని కొంప" అని అరుపులు.

అమ్మాయి తెర తొలగించి వచ్చింది.

"నాన్నా, ఆ ముక్క ఇంకా ఎన్నిసార్లు వేస్తారు? ఆవిడ చార్టు మానేసి కథ వింటోంది."

"సరిగ్గా వినాలిగా అమ్మా."

"ఎవరికోసం ఇదంతా?"

"మీ మామగారికి."

వంగి నేను కొట్టింది చదివింది. "లేవండి" అంది. నేను లేస్తే కుర్చీలో కూర్చుని ఆ లైను మొత్తం చెరిపేసింది.

"ఉన్నది ఉన్నట్టు రాయకపోతే మోసమవుతుంది" అన్నాను.

"ఆయన వల్ల నాకు ఒక్కరోజు కూడా కష్టం కలగలేదు నాన్నా. ఇది చదివితే తననే అన్నారని అనుకుంటారు. పగలంతా ఆ ఇంట్లో ఒక్కరే ఉంటారు. దీన్ని పక్కన పెట్టుకుని ఎలా కూర్చుంటారు?"

మీరు చదివిన ఆ మర్యాద మాటలు తను రాసినవే. అవీ మీకు గుచ్చుకుంటాయని పాపం దానికి తట్టలేదు. తర్వాత పిల్లవాడి తండ్రి మాట వచ్చింది, వీధి సంగతి. అది విన్నది విన్నట్టే కొట్టింది. నాకు మనసొప్పలేదు. "ఇదీ మార్చు మరి" అన్నాను.

"ఇది నన్ను కదా. ఉండనివ్వండి. అందరూ అంటున్నదేగా" అంది. అని బయటికెళ్ళి ఆవిడ చేత కింది వరస చదివించింది.

తను మార్చిందని మీకు తెలియకూడదని నా చేత ఒట్టు వేయించుకుంది. అందుకే ఎవరి చేతా వినిపించుకోవద్దని రాశాను. ఆ ఒట్టు ఇవాళ తీసి గట్టున పెడుతున్నాను. దానివల్ల వచ్చే పాపం ఏదో నేను పడతాను.

మీ ఉత్తరం తనకి ఇచ్చి చదవమన్నాను. కౌంటర్ దగ్గరే నిలబడి చదివింది. కుళాయి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. "అత్తయ్య అంతే నాన్నా. ఏడుపొస్తే నీళ్ళు వదిలేస్తారు, బయటికి వినపడకుండా" అంది. మీకు వినపడదుగా, ఇంకెవరికోసమో ఆ జాగ్రత్త. అలవాటై ఉంటుంది.

తింటోందని చెల్లెమ్మకి చెప్పండి. నిద్ర ఇంకా అంతంతమాత్రమే. వచ్చే నెలనుంచి వేరే ఊళ్ళో ఉద్యోగంలో చేరుతోంది. ఇంట్లో గది మళ్ళీ ఖాళీ అవుతుంది గాని, సర్వర్ షాపులోనే ఉంచుతాను.

ఉత్తరం మడిచి నాకిస్తూ, "తర్వాత ఏ సినిమా కావాలో మామయ్యగారిని రాయమనండి. నేను అక్కడ్నుంచి కూడా టైపు చేసి పంపగలను" అంది. అనేసి నాలిక కరుచుకుంది. ఇంకో పిలుపు ఏదైనా దొరుకుతుందేమోనని కాసేపు ఆలోచించినట్టుంది. దొరకలేదు కాబోలు, ఆ మాటని అలాగే ఉండనిచ్చింది.

మీ,
అద్దాల బావ